పదహారుమందికి అన్నం ఎక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి. సెలవులకు అందరం కలిసి బయలుదేరుతున్నాం, భోజనాల దగ్గరే చిక్కొస్తోంది అని. నేను నెల్లూరు మూలాపేటలో 22 ఏళ్ళు మెస్సు నడిపినదాన్ని. గుంపుగా వచ్చి గుమ్మంలో నిలబడినవాళ్ళ మొహాలు చూశాను. అదే నిమిషంలో లోపల పొయ్యి దగ్గర మా వంట మాస్టరు మొహమూ చూశాను. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు పెట్టుకుని, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మూడు కుటుంబాలు కలిపి 16 మందిమి. దసరా సెలవుల్లో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని రెండు రోజులు నెల్లూరు వైపు రావాలనుకుంటున్నాం. మైపాడు, జొన్నవాడ, పెంచలకోన చూడాలని ఉంది. పోయిన ఏడాది ఇలాగే ఇంకో ఊరు వెళితే ప్రతి పూటా ఎక్కడ తినాలో తేలడానికే గంట పట్టింది. ఒకరు బిర్యానీ అంటారు, ఒకరు టిఫిన్ చాలంటారు, పిల్లలు నూడుల్స్ అని ఏడుస్తారు. మా అత్తయ్యకు షుగర్. చివరికి ఎవరికీ తృప్తి లేదు. ఏం చెయ్యమంటారు?
– ఓ గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరు ఆకలేశాక హోటల్ వెతుకుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆకలితో ఉన్న 16 మంది ఒక మాట మీదికి రారు. మీ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ రారు.

వంటింటి వైపు నుంచి చెబుతాను. మా మెస్సులో మధ్యాహ్నానికి 12 కిలోల బియ్యం పడేది. కిలోకి ఏడెనిమిది భోజనాల లెక్కన అది తొంభై మందికి సరి. మామూలు రోజున ఆ తొంభై మందీ ఒకరూ ఇద్దరుగా వచ్చి తినిపోతారు. ఒంటిగంటకు చెప్పాపెట్టకుండా 16 మంది దిగారనుకోండి. మొదటి ఎనిమిది ఆకుల్లో వేడన్నం పడుతుంది. తొమ్మిదో ఆకు దగ్గరికి వచ్చేసరికి గుండిగలో గరిటె అడుగుకు తగులుతుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మళ్ళీ ఎసరు పెట్టాలి, అది మరగాలి, బియ్యం ఉడకాలి, గంజి వార్చాలి. నలభై నిమిషాలు. ఈలోగా సగంమంది తినేసి చెయ్యి కడుక్కుని కూర్చుంటారు, సగంమంది ఖాళీ ఆకుల ముందు కూర్చుంటారు. పప్పులో నీళ్ళు పడతాయి, కూర ముక్కలు తగ్గుతాయి. మీకు కోపం, వడ్డించే పిల్లవాడికి తిట్లు. పొద్దున తొమ్మిదింటికి మీరు ఒక్క ఫోన్ చేసి ఉంటే మేం రెండు కిలోల బియ్యం ఎక్కువ పోసేవాళ్ళం. అంతే తేడా.

కాబట్టి ముందురోజు రాత్రే చోటు అనుకోండి, పొద్దున టిఫిన్ తింటూనే మధ్యాహ్నం హోటల్‌కు ఫోన్ చెయ్యండి. పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, నీచు ముట్టనివాళ్ళు ఎంతమంది, ఎన్నింటికి వస్తాం, ఈ నాలుగు మాటలు చాలు. తర్వాత ఒక ప్రశ్న అడగండి: ‘ఈ రోజు ఏం వండుతున్నారు?’ మెనూలో ఏముందని అడగొద్దు. మెనూ కార్డు మీద వంద పేర్లుంటాయి. ఆ వంటింట్లో రోజూ తెల్లారగానే పొయ్యెక్కేవి ఏడెనిమిదే. ఆ ఏడెనిమిదిలోనే వాళ్ళ చెయ్యి తిరిగి ఉంటుంది, సరుకూ ఏరోజుకారోజు కొత్తదై ఉంటుంది. అన్నం మెస్సుకు వెళ్ళి నూడుల్స్ అడిగితే మాస్టరు దానికోసం విడిగా కడాయి పెట్టి, ఎప్పుడో కొన్న సాసు సీసా వెతుకుతాడు. పిల్లలకు సాయంత్రం నూడుల్స్ బండి దగ్గరే పెట్టించండి, ఆ పూట వాళ్ళది.

పూటల పంపకం ఇలా చేసుకోండి. మూడు కుటుంబాలు కదా, ఒక్కో పూట ఒక్కో ఇంటి మాట. ఆ పూట ఆ ఇల్లు చెప్పిన చోటికి మిగతా రెండిళ్ళూ మారుమాట్లాడకుండా వెళ్ళాలి. బయలుదేరేముందే ఈ ఒప్పందం జరగాలి. బస్సులో కూర్చున్నాక కుదరదు.

మధ్యాహ్నం పన్నెండుంబావుకే వెళ్ళండి. ఒంటిగంట నుంచి రెండుదాకా ఆఫీసులవాళ్ళు, కోర్టుకు, ఆస్పత్రులకు వచ్చినవాళ్ళు, అందరూ అప్పుడే వస్తారు. పన్నెండుంబావుకు అన్నం అప్పుడే వార్చి ఉంటుంది, బల్లలు ఖాళీగా ఉంటాయి, మూడు బల్లలు కలిపి వెయ్యమన్నా వేస్తారు. మీరు వచ్చే రోజుల్లో రొట్టెల పండుగ ఉందేమో కూడా చూసుకోండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువు గట్టుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ రోజుల్లో నెల్లూరు హోటళ్ళలో నిలబడడానికి చోటుండదు. అప్పుడు ఫోన్ పొద్దున కాదు, ముందురోజే చెయ్యాలి.

టిఫిన్ల దగ్గర ఒక కిటుకు చెబుతాను. నెల్లూరు వచ్చాక కారం దోసె తినకుండా మీరు పోరు, పోకూడదు కూడా. ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి సన్నసెగ మీద ఎర్రగా కాల్చాలి దాన్ని. తొందరపెడితే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. పెనం మీద ఒక వాయికి నాలుగు పడతాయనుకున్నా, 16 దోసెలంటే నాలుగు వాయిలు. అందరూ ఒక్కసారే దోసె చెబితే చివరి నలుగురికి అరగంట. ముందు అందరికీ రెండేసి ఇడ్లీ తెప్పించండి. పిల్లలూ పెద్దవాళ్ళూ దాంతో నిమ్మళిస్తారు. అవి తినేలోపు దోసెలు వాయి వాయిగా దిగుతుంటాయి, వేడిగా తింటారు.

మైపాడు నెల్లూరుకు పాతిక కిలోమీటర్లే. పొద్దున్నే వెళ్ళి పన్నెండుకల్లా ఊళ్ళోకి వచ్చేయండి. పెంచలకోన అలా కాదు, దూరం. అక్కడ 16 మందికీ సరిపడేది, అందరికీ నచ్చేది దొరుకుతుందని ధీమా పెట్టుకోవద్దు. ఆ పూటకు ఇంటినుంచి పులిహోర కలుపుకుని రండి. చింతపండు పులుపు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆగుతుంది. సాంబారన్నం, కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు. ఎండలో నిలిపిన బండిలో రెండు గంటలు దాటితే వాటిని నమ్మలేం.

ఇక మీ అత్తయ్యగారి సంగతి. ఇది అన్నిటికన్నా ముందు రాయాల్సింది. నాలుగేళ్ళ కిందట మా వీధివాళ్ళం 18 మందిమి ఒక యాత్రకు వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో హైవే మీద ఒక పెద్ద హోటల్ దగ్గర ఆగాం. మా పక్కింటి పెద్దాయన బల్ల ముందు కూర్చోగానే అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకున్నారు. పది నిమిషాల్లో భోజనం వస్తుందన్నారు. గంట దాటినా రాలేదు. మేమంతా సప్లయర్‌ను పిలవడంలో ఉన్నాం, ఆయన వైపు చూడలేదు. నీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి నీళ్ళు లుంగీ మీద ఒలికాయి. అప్పుడు చూశాను. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది, పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిస్తే మాట తడబడింది. టీ కౌంటర్‌కు పరుగెత్తి గుప్పెడు పంచదార తెచ్చి నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటకు తేరుకున్నారు. ఆ పావుగంట నేను మరిచిపోలేను. ఎన్నో వేలమందికి అన్నం పెట్టినదాన్ని, పక్కన కూర్చున్న మనిషిని కనిపెట్టలేకపోయానని ఇప్పటికీ బాధ.

తిండికి ముందు వేసుకునే కొన్ని షుగర్ మాత్రలు, ఇన్సులిన్ విషయంలో, తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మీ అత్తయ్యగారివి అలాంటివో కావో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. అలాంటివే అయితే ప్రయాణంలో అన్నం కళ్ళెదుట కనబడ్డాకే వేసుకోమనండి. సంచిలో గ్లూకోజ్ పొడో, పంచదారో, నాలుగు బిస్కెట్లో ఎప్పుడూ ఉండాలి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే, మెలకువగా ఉన్నవాళ్ళకు మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పావుగంట చూడండి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితుల కుటుంబాలం చేపల పులుసు కోసమే నెల్లూరులో ఒక పెద్ద హోటల్‌కు వెళ్ళాం. పులుసు పల్చగా, ముక్క చప్పగా ఉంది. పులుసు ఒకవైపు, ముక్క ఒకవైపు. నెల్లూరు పులుసంటే ఇంతేనా?
– ఓ ఉపాధ్యాయుడు, మార్కాపురం

జవాబు: కాదు నాయనా, కాదు. ఈ ఉత్తరం చదివి నాకు మనసు చివుక్కుమంది. అంతదూరం నుంచి మా ఊరి పేరు మీద వచ్చినవాళ్ళకు అలాంటిది పెట్టారంటే నొప్పిగా ఉంటుంది.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి జరిగింది ఇది: పులుసు విడిగా కాచి ఉంచారు, మీరు అడిగాక ముక్కలు వేసి ఒక పొంగు రానిచ్చి దించారు. పులుసు కూరలా అప్పటికప్పుడు అయ్యేది కాదు. మా మెస్సులో పొద్దున ఏడింటికే పెట్టేదాన్ని. వెడల్పాటి గిన్నెలో నూనె పోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక కారం, పసుపు, ఉప్పు వేసి చిక్కటి చింతపండు పులుసు పొయ్యాలి. అది బాగా మరిగి నూనె అంచుల వెంట పైకి తేలేదాకా చేప జోలికి వెళ్ళకూడదు. ముక్కలు ఒక్కొక్కటీ పక్కపక్కన జార్చి, చివర్లో మామిడికాయ ముక్కలు వేసి, వేయించి కొట్టిన మెంతులు, ధనియాలు, జీలకర్ర పొడి చల్లాలి. ఇక ఆ గిన్నెలో గరిటె పెట్టకూడదు. రెండు వైపులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, అంతే. దించాక మూతపెట్టి నాలుగైదు గంటలు కదపకుండా వదిలేస్తే అప్పుడు పులుపూ కారమూ ముక్క లోపలి ఎముక దాకా దిగుతాయి. రాత్రి పెట్టి పొద్దున తింటే ఇంకా బాగుంటుందని మా ఇళ్ళల్లో అనేది ఇందుకే.

ఈసారి వెళ్ళినప్పుడు కూర్చోకముందే అడగండి: ‘పులుసు ఎన్నింటికి పెట్టారు?’ పొద్దున పెట్టామంటే నిశ్చింతగా కూర్చోండి. రాత్రిదైతే పొద్దున మళ్ళీ కళపెళా మరిగించారా అని అడగండి. ఇప్పుడే చేసిస్తామంటే ఆ పూటకు వేపుడు తినండి, పులుసు వద్దు.

ఏ చేప అనేది కూడా అడగాలి. కొర్రమీనుకు ముళ్ళు తక్కువ, పిల్లలకు మంచిది, ధర ఎక్కువ. బొచ్చె, రాగండి చెరువు చేపలు, పులుసుకు బాగా కుదురుతాయి, కానీ సన్నముళ్ళు ఉంటాయి, పిల్లలకు మీరే ఏరి పెట్టాలి. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లు సముద్రం మీదికి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలల్లో పెద్ద వంజరం ముక్క పళ్ళెంలోకి వచ్చిందంటే ఎక్కడిదో, ఎన్నాళ్ళు ఐసులో ఉందో అడిగి తినండి. చెరువు చేప తినడం మేలు. దసరా రోజుల్లో పచ్చి మామిడికాయ దొరకడం కష్టం. పులుసులో మామిడి ముక్క లేదని ఎవరినీ తప్పుపట్టకండి. ఆ కాలంలో ఒట్టి చింతపండుతోనే పెడతారు, అదీ నెల్లూరు పులుసే.

ప్రశ్న: 12 మంది స్నేహితులం టూర్‌కు వెళ్ళి ఒక రెస్టారెంట్‌లో తిన్నాం. బిల్లులో జీఎస్టీతో పాటు సర్వీస్ ఛార్జ్ 10 శాతం వేశారు. అడిగితే ‘గుంపుగా వస్తే తప్పనిసరి’ అన్నారు. నిజమేనా? ఇంకో సంగతి, బిల్లు నేను కట్టాను, నలుగురు ఇప్పటికీ ఇవ్వలేదు.
– ఓ యువకుడు, కావలి

జవాబు: నిజం కాదు. బిల్లులో సర్వీస్ ఛార్జ్‌ను దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. ఒకరు వచ్చినా పన్నెండుమంది వచ్చినా అదే మాట. ఇవ్వాలా వద్దా అనేది తిన్నవాళ్ళ ఇష్టం. బిల్లులో కనబడితే తీసెయ్యమని నెమ్మదిగా చెప్పండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. బిల్లు కాగితం మాత్రం దాచుకోండి.

జీఎస్టీ వేరు, అది పన్ను. మామూలు రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే, పార్సిల్‌కూ అంతే. 4,000 రూపాయల తిండికి 200, బిల్లులో అది కేంద్రానికి 100, రాష్ట్రానికి 100 అని రెండు వరుసలుగా కనిపిస్తుంది. రోజుకు 7,500 రూపాయలకు పైన గది అద్దె ఉండే పెద్ద హోటళ్ళ లోపలి రెస్టారెంట్లలోనే 18 శాతం. చిన్న మెస్సులు కొన్ని కాంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి, అంటే అమ్మకాల మీద పన్ను తామే తమ జేబులోంచి కడతాయి. వాళ్ళు మీ దగ్గర విడిగా జీఎస్టీ తీసుకోకూడదు, ఆ మాట బిల్లు మీద రాసి ఉండాలి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్సు నంబర్, ఉందో లేదో కూడా చూడండి.

సర్వీస్ ఛార్జ్ తీయించాం కదా అని సప్లయర్‌ను మాత్రం మరిచిపోవద్దు. పన్నెండుమందికి అన్నం, సాంబారు, మజ్జిగ మోసుకొచ్చిన చెయ్యి అది. మీకు తోచింది ఆ పిల్లవాడి చేతిలోనే పెట్టండి.

రాని డబ్బు గురించి: ఇకముందు బయలుదేరే రోజే తలా ఇంత అని ఒకరి దగ్గర ఉమ్మడిగా వెయ్యండి. తిండికి, టీకి, బండికి అందులోంచే. పిల్లలుంటే సగం. అయిపోతే మళ్ళీ వెయ్యాలి. ఆ నలుగురిని అడగడానికి సిగ్గుపడకండి. ఈ రోజే ఫోన్ చెయ్యండి, నెలలు గడిచేకొద్దీ అడగడం మీకే కష్టమవుతుంది.

ప్రశ్న: బీచ్‌లో బండ్ల మీద మసాలా పట్టించిన చేపలు, రొయ్యలు వేయించి ఇస్తారు కదా. పిల్లలు అడుగుతారు. పెట్టొచ్చా?
– ఓ తల్లి, సింగరాయకొండ

జవాబు: పెట్టొచ్చు, కానీ మసాలా పట్టించి ఎండలో వరుసగా పేర్చిన వాటిని వద్దు. ఎర్రటి మసాలా కింద చేప పరిస్థితి మనకు తెలియదు. మసాలా పట్టించని చేపను ఐసులోంచి తీసి చూపించమనండి. కన్ను తేటగా ఉబ్బెత్తుగా ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేవాలి. రొయ్య తల వేలాడుతుంటే, అమ్మోనియా వాసన కొడితే వదిలెయ్యండి. నూనె చూడండి. నల్లగా చిక్కబడి, పొగ వస్తుంటే ఆ బండి దాటి పొండి. మీ ఎదుట మసాలా రాయించి, మీ ఎదుట వేయించుకుని, వేడిగా అక్కడే తినాలి. పొట్లం కట్టించి నాలుగు గంటల తర్వాత గదిలో తినొద్దు.

గుంపులో ఏ బిడ్డకైనా రొయ్యలు, పీతలు పడవేమో ముందే ఆ తల్లిని అడగండి. పడనివాళ్ళకు రొయ్యలు వేగిన నూనెలో చేప వేయించినా దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. తర్వాత విరేచనాలు పట్టుకుంటే దుకాణంలో ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసుకోండి. దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, కొలత తప్పకుండా కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. రక్తం పడినా, బిడ్డ నీరసంగా వాలిపోయినా ఆస్పత్రికే.

ప్రశ్న: మా నాన్నగారు మాంసం వండిన చోట మంచినీళ్ళు కూడా ముట్టరు. గుంపులో మిగతావాళ్ళంతా నాన్‌వెజ్ కావాలంటారు. ఆయన ‘నేను బస్సులో కూర్చుంటాను, మీరు తినిరండి’ అంటారు.
– ఓ కుమార్తె, చీమకుర్తి

జవాబు: ఆయన అలా అంటారు తల్లీ, పెద్దవాళ్ళు అలాగే అంటారు. ఆయన్ని బస్సులో కూర్చోబెట్టి మీరు లోపల తినొద్దు. రోజులో రెండు పూటలు అందరూ శాకాహార హోటల్‌కే వెళ్ళండి. టిఫిన్ ఎలాగూ అక్కడే. నీచు తినే పూట ఒకటే ఉంచుకుని, ఆ పూట ముందుగా ఆయనతో ఇద్దరు వెళ్ళి శాకాహార భోజనం చేసి రావాలి, తర్వాత మిగతావాళ్ళు. ఆ ఇద్దరూ ఎవరనేది ఆయన చెవిన పడకుండా ముందే అనుకోండి. తనవల్ల ఎవరికో ఇబ్బంది అయిందని ఆయనకు అనిపించకూడదు. కార్తీకమాసంలో బయలుదేరితే ఈ చిక్కే రాదు, సగంమంది ఎలాగూ ముట్టరు. వీలైతే ప్రయాణం అప్పటికి జరుపుకోండి.

ప్రశ్న: బండి డ్రైవర్‌కు భోజనం మనమే పెట్టాలా? బత్తా ఇస్తున్నాం కదా.
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: బత్తా ఇచ్చినా అన్నం పెట్టండి. మీరు 16 మందైతే హోటల్‌కు ఫోన్‌లో 16 అని కాదు, 17 అని చెప్పండి. మీతోపాటే, మీ బల్ల దగ్గరో పక్క బల్ల దగ్గరో కూర్చోబెట్టండి. మీరందరూ తిని లేచాక ఆయన్ని పంపితే మీరు మెట్ల మీద నిలబడి ‘ఇంకా రాలేదే’ అంటుంటారు, ఆయన ఆదరాబాదరాగా మింగి స్టీరింగ్ పట్టుకుంటాడు. ముందు ఆయనకు వడ్డించమని సప్లయర్‌కు చెబితే ఇంకా మంచిది. తిన్నాక అరగంట కునుకు తీస్తానంటే తియ్యనివ్వండి. మీ అందరి ప్రాణాలూ ఆయన రెండు కళ్ళ మీద ఉన్నాయి.

ప్రశ్న: నాకు నాలుగేళ్ళ బాబు, ఏడాది పాప. అందరితో కలిసి ఎక్కడికి వెళ్ళినా పిల్లలకు తినిపించేసరికి నా అన్నం చల్లారిపోతుంది. నేను తినడం మొదలుపెట్టేసరికి అందరూ లేచిపోతారు, ‘త్వరగా తిను’ అంటారు. ఇంట్లోనూ ఇంతే, సెలవుల్లోనూ ఇంతే. ఎవరితోనూ అనలేక మీకు రాస్తున్నాను.
– ఓ సోదరి, కందుకూరు

జవాబు: రాసి మంచిపని చేశావమ్మా. నీలాంటివాళ్ళను నేను ప్రతి ఆదివారం చూశాను.

నువ్వు ఇద్దరికీ ఒక్కదానివే తినిపించాలని ఎవరూ రాసిపెట్టలేదు. బయలుదేరేముందే మీ ఆయనకు చెప్పు, బాబు పూట ఆయనది అని. నాలుగేళ్ళవాడు పప్పన్నం కలిపిపెడితే తండ్రి దగ్గరా తింటాడు. పాపకు బల్ల ముందు కూర్చున్నాక మొదలుపెట్టొద్దు. హోటల్‌కు చేరడానికి అరగంట ముందే బండిలో ఇడ్లీయో, అరటిపండో, ఇంటినుంచి తెచ్చిన మెత్తటి పప్పన్నమో పెట్టేయ్. కడుపు నిండిన బిడ్డ నీ అన్నం జోలికి రాదు. ఇంకొకటి, నీ ఆకు అందరితోపాటు వేయించుకోవద్దు. ‘నాకు పది నిమిషాలాగి వడ్డించండి’ అని సప్లయర్‌కు చెప్పు. వాళ్ళకు అది ఇబ్బంది కాదు, వేడిగా తెస్తారు.

ఒకసారి మా మెస్సుకు బస్సు నిండా జనం వచ్చారు, పెళ్ళివాళ్ళు. అందరూ తిని చేతులు కడుక్కుంటున్నారు. మూల బల్ల దగ్గర ఒక అమ్మాయి, చంకలో చంటిబిడ్డ, ముందు చల్లారి గడ్డకట్టిన అన్నం. ఎడంచేత్తో బిడ్డను పట్టుకుని కుడిచేత్తో ఆ గడ్డల్ని చిదుపుతోంది. నేను వెళ్ళి ఆ ఆకు తీసేశాను. కొత్త ఆకు వేసి, నీళ్ళు చల్లి, లోపల నా కోసం ఉంచుకున్న వేడన్నం తెచ్చి వడ్డించాను. ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి, గోంగూర. బిడ్డను నేను తీసుకున్నాను. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడకుండా తిన్నది. మారన్నం పెట్టించుకుంది. మజ్జిగలోకి వచ్చేసరికి బయట బస్సు హారన్ మోగింది. ఆమె గబుక్కున లేవబోయింది. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, ‘తిను తల్లీ, వాళ్ళు ఆగుతారు’ అన్నాను.

ఆగారు.